పేముకుర్చీల ప్రస్థానం

మనిషి ఏ వస్తువునైనా మొదట అవసరం కోసం చేసుకొంటాడు. అవసరం తీరిన తరువాత దానిని మూలన పడవేస్తాడు. కొన్ని దశాబ్దాలు గడిచాక అదే వస్తువును వెతుక్కొంటూ వెళ్ళి, తొలినాటి వెలకు ఎన్నో రెట్లు చెల్లించి తిరిగి తెచ్చుకొంటాడు. తెలుగు లోగిళ్ళలో ఒకప్పుడు భోషాణాలు, పందిరిమంచాలు, ఉయ్యాలబల్లలు, పడకకుర్చీలు తరతరాలుగా నిలిచి ఉండేవి. మండువా ఇళ్ళు పోయి, ఇరుకు గదుల ఇళ్ళు వచ్చినప్పుడు అవి మెట్లమీదుగా ఎక్కక, గుమ్మాలలో పట్టక, వచ్చిన ధరకు అమ్ముడుపోయాయి. ధాన్యం, పట్టుచీరలు, దస్తావేజులు దాచిన భోషాణం ఇప్పుడు ఏ పెద్ద హోటలు ముంగిటనో పూలకుండీని మోస్తూ కనిపిస్తుంది. అమ్మినవారి మనుమలు దాని ముందు నిలబడి ఫోటో తీయించుకోవడమూ జరుగుతూనే ఉంది.

పాత వస్తువులను సేకరించే అభిరుచి తెలుగువారికి కొత్త కాదు. మూడవ సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధుడైన మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) హైదరాబాదులో చేసిన పని ఇందుకు గొప్ప నిదర్శనం. నిజాం కొలువులో కొద్దికాలం దివానుగా ఉండి, 1914లో ఆ పదవిని వదలుకొన్న ఆయన శేషజీవితాన్ని సేకరణకే అంకితం చేశాడు. బల్లలు, కుర్చీలు, గడియారాలు, పింగాణీ, గాజు, శిల్పాలు, తివాచీలు, గ్రంథాలు ఆయన దివాన్ దేవిడీలోకి వచ్చి చేరాయి. ఆయన అవివాహితుడిగానే మరణించడంతో, ఆ సంపద వారసుల మధ్య చీలిపోకుండా మ్యూజియంగా మారి, 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతులమీదుగా ప్రజలకు అందింది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న నేటి భవనానికి తరలింది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ సమకూర్చిన గడియారంలోనుంచి ప్రతి గంటకూ ఒక బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టే దృశ్యం కోసం సందర్శకులు ముందుగానే చేరి కూర్చొంటారు. ఒక సంపన్నుని ఇష్టం ప్రజల ఆస్తిగా మారిన కథ ఇది. ఇందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచిన కథ మరొకటి ఉంది. అందులో ప్రజల ఆస్తి సంపన్నుల ఇళ్ళకు చేరింది. ఆ కథ చండీగఢ్ కుర్చీలది.

ఆ కథలోకి ప్రవేశించే ముందు రెండు మాటల అర్థం తెలుసుకోవాలి. పురాతన వస్తువు, అంటే ‘యాంటిక్’, అనే మాటను నూరేళ్ళు నిండిన వస్తువుకు వాడటం లోకంలో స్థిరపడిన సంప్రదాయం. భారతదేశంలో 1972లో వచ్చిన పురావస్తువులు, కళానిధుల చట్టం కూడా దాదాపు ఈ కొలమానాన్నే స్వీకరించింది. శిల్పం, చిత్రం, నాణెం, చారిత్రక ప్రాముఖ్యం కలిగిన ఇతర వస్తువు ఏదైనా పురావస్తువు అనిపించుకోవాలంటే దాని వయస్సు నూరేళ్ళకు తగ్గకూడదు. విలువైన వ్రాతప్రతులకు మాత్రం 75 ఏళ్ళు చాలు. అటువంటి వస్తువును ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం.

రెండవ మాట ‘మిడ్-సెంచరీ మోడర్న్’. ఇరవయ్యవ శతాబ్ది నడుమ, ముఖ్యంగా రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతి రెండు దశాబ్దాలలో వచ్చిన ఫర్నిచర్‌కు, అలంకరణ వస్తువులకు ఈ పేరు వచ్చింది. కారా గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ రచయిత్రి 1984లో వెలువరించిన పుస్తకం ఈ పేరును లోకమంతటా ప్రచారంలోకి తెచ్చింది. పూలూ లతలూ చెక్కిన కాళ్ళు, బంగారు పూత, సింహముఖాలు ఈ శైలిలో కనిపించవు. గీత గీసినట్లు సరళంగా ఉండే కొయ్య, దాని సహజమైన రంగు, కూర్చొనేవాని వెన్నుకు అనువైన వంపు, తక్కువ సామగ్రితో ఎక్కువమందికి అందాలనే ఉద్దేశం దీని లక్షణాలు. ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు ఈ శైలికి ప్రతినిధులు. భారత ప్రభుత్వం ఆహ్వానించగా వారు దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక సమర్పించారు. ఇంటింటా నీళ్ళకు వాడే మామూలు చెంబును రూపకల్పనకు మేలైన ఉదాహరణగా వారు అందులో చూపించారు. అహమ్మదాబాదులో 1961లో జాతీయ రూపకల్పన సంస్థ ఏర్పడటానికి ఆ నివేదికే పునాది.

ఇక చండీగఢ్. 1947లో దేశవిభజన జరిగినప్పుడు లాహోరు పాకిస్తానుకు వెళ్ళిపోయింది. తూర్పు పంజాబుకు రాజధాని లేకుండా పోయింది. శివాలిక్ కొండల పాదాల చెంత కొత్త నగరాన్ని నిర్మించాలని నిర్ణయం జరిగింది. మొదట ఈ పని ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవిట్స్కీ అనే ఇద్దరికి అప్పగించారు. 1950లో నొవిట్స్కీ విమాన ప్రమాదంలో మరణించడంతో, ఆ బాధ్యత ఫ్రాన్సులో స్థిరపడిన ప్రఖ్యాత వాస్తుశిల్పి లె కార్బూజియేకు దక్కింది. ఆయనతోబాటు ఆయన దగ్గరి బంధువు పియర్ జన్నరే, ఇంగ్లండునుంచి మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు 1951లో వచ్చి చేరారు. కార్బూజియే అప్పుడప్పుడు వచ్చి వెళ్ళేవాడు. జన్నరే మాత్రం ఆ నగరాన్నే ఇల్లు చేసుకొని, 1965లో ఆరోగ్యం దెబ్బతినేవరకు అక్కడే ఉండి, నిర్మాణ భారాన్ని మోశాడు. నగరం పేరుతో కార్బూజియే పేరే అందరికీ తోస్తుంది కాని, దైనందిన జీవితానికి కావలసిన ఇళ్ళు, బడులు, బల్లలు, కుర్చీలు ఎక్కువగా జన్నరే, ఆయన వెంట పనిచేసిన భారతీయులు తీర్చినవే.

భవనాలు లేవడం ఒక ఎత్తు. వాటిలో కూర్చొనడానికి ఆసనాలు సమకూర్చడం మరొక ఎత్తు. సచివాలయంలో గుమాస్తాలకు, హైకోర్టులో న్యాయమూర్తులకు, శాసనసభలో సభ్యులకు, విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు వేల సంఖ్యలో కుర్చీలు, బల్లలు, బీరువాలు ఏకకాలంలో అవసరమయ్యాయి. 1920ల చివరలో కార్బూజియే, షార్లొట్ పెరియాన్‌లతో కలిసి మెరిసే ఉక్కు గొట్టాలతో కుర్చీలు రూపొందించిన జన్నరే, పంజాబులో ఉక్కును పక్కనపెట్టి కొయ్యను చేతపట్టాడు. ఇందులోనే ఆయన వివేకం కనిపిస్తుంది. ఉక్కు ఖరీదైనది, దొరకడం కష్టం. ఎండకాలంలో ముట్టుకొంటే కాలుతుంది. టేకు, సిస్సూ కలప అందుబాటులో ఉన్నాయి. టేకు చేవకు చెద పట్టదు, చెమ్మకు త్వరగా వంగదు. పేము అల్లికలోనుంచి గాలి ఆడుతుంది కాబట్టి ఎంతసేపు కూర్చున్నా వీపుకు చెమట పట్టదు. అన్నిటికంటె ముఖ్యంగా, కొయ్యపనిలోను, పేము అల్లడంలోను ఆరితేరిన చేతులు ఆ ప్రాంతంలో ఉన్నాయి.

ఆ కుర్చీని ఒకసారి చూసినవారు మరచిపోరు. ఇరువైపులా కాళ్ళు విప్పి నిలబెట్టిన వృత్తలేఖినిలాగా, తలక్రిందులు చేసిన ఆంగ్ల ‘వి’ అక్షరంలాగా ఉంటాయి. ముందుకాలు, వెనుకకాలు ఒకేచోట కలుసుకొని చేతిపట్టీని మోస్తాయి. కాళ్ళు మొదట సన్నగా, నడుమ బలంగా ఉంటాయి. సన్నపేముతో అల్లిన ఆసనం, వెన్నుపట్టీ వాటి మధ్య తేలుతున్నట్లుంటాయి. ఇదే నిర్మాణాన్ని కొద్దికొద్ది మార్పులతో న్యాయమూర్తి కుర్చీకి, గ్రంథాలయం బల్లకు, సొరుగుల పెట్టెకు కూడా అన్వయించారు. ఈ పనిలో ఊర్మిళా యూలీ చౌధురి, జీత్ మల్హోత్రా, ఆదిత్య ప్రకాశ్ వంటి యువ భారతీయ వాస్తుశిల్పులు జన్నరే బృందంలో ఉన్నారు. ఏ కుర్చీలో ఎవరి ఆలోచన ఎంత అన్నది విడదీసి చెప్పడం తేలిక కాదు. అప్పట్లో ఎవరూ దానిని లెక్కించుకోలేదు కూడా.

తయారీ ఒకే కర్మాగారంలో జరగలేదు. గీసిన నమూనాలను అనేక వడ్రంగి కార్ఖానాలకు ఇచ్చి, ప్రభుత్వం తనకు కావలసిన సంఖ్యలో చేయించుకొన్నది. అందుచేత ఒకే రకానికి చెందిన రెండు కుర్చీలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదాని కాలు కొంచెం లావుగా, మరొకదాని చేతిపట్టీ కొంచెం వంపుగా కనిపిస్తుంది. చిత్రిక పట్టిన చేతిని బట్టి ఆ తేడా వచ్చింది. వాటిమీద ఏ కళాకారుని సంతకమూ లేదు. ఉన్నదల్లా కార్యాలయపు గుర్తు. ఏ శాఖకు చెందినదో తెలిపే పొట్టి అక్షరాలు, జాబితా సంఖ్య తెల్లరంగుతో కుర్చీ వెనుక వ్రాసేవారు. ప్రభుత్వపు కుర్చీ ఎవరూ ఇంటికి పట్టుకుపోకుండా వేసిన ఆ గుర్తులే తరువాతి కాలంలో దానికి జన్మపత్రికలు అయ్యాయి.

నలభై ఏళ్ళు గడిచాయి. పేము తెగింది, కాళ్ళు వదులయ్యాయి, పైపూత నల్లబడింది. ప్లాస్టిక్కు, ఇనుము, స్పాంజి కుర్చీలు చౌకగా దొరికే రోజులు వచ్చాయి. కార్యాలయాల వారికి పాతకుర్చీని బాగుచేయించడం కంటె కొత్తది కొనడమే సులభమనిపించింది. విరిగిన కుర్చీలు మేడలమీద ఎండకు ఎండి, వానకు తడిసి, గుట్టలుగా పేరుకొన్నాయి. ప్రభుత్వ నిబంధనల ప్రకారం పనికిరాని వస్తువులను జాబితా వ్రాసి, నిరుపయోగమని ధ్రువపరచి, వేలం వేస్తారు. చండీగఢ్ కుర్చీలకూ అదే గతి పట్టింది. కొన్నవారు తుక్కు వ్యాపారులు. కొన్ని కుర్చీలు వంటచెరకుగా కాలిపోయాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ కనిపించదు. నిబంధనల పుస్తకంలో విరిగిన కుర్చీకి ఉన్న ఒకే ఒక గడి ‘నిరుపయోగం’ అన్నది. రూపకల్పనను గురించిన గడి అందులో లేదు.

1990ల చివరినుంచి ఫ్రాన్సుకు చెందిన కొందరు పాతవస్తువుల వ్యాపారుల దృష్టి ఈ గుట్టలమీద పడింది. వారు జన్నరే పేరు ఎరిగినవారు. బహిరంగ వేలంపాటల్లోను, తుక్కు దుకాణాల్లోను కుర్చీలను పెద్ద సంఖ్యలో కొని, ఓడల్లో ఐరోపాకు తరలించారు. అక్కడ పాత పూత గీకి, విరిగిన కాలు అతికి, కొత్త పేము అల్లించి, మెరుగు పెట్టి, చక్కని చిత్రాలతో జాబితాలు అచ్చువేశారు. పారిస్, లండన్, న్యూయార్క్ వేలంశాలల్లో వాటి ధర ఏటేటా పెరుగుతూ పోయింది. చండీగఢ్‌లో కొద్దిపాటి రూపాయలకు పోయిన కుర్చీ అక్కడ లక్షల రూపాయలు పలికింది. కుర్చీలే కాదు, నగరపటం పోతపోసిన ఇనుప మురుగుకాలువ మూతలు కూడా వేలానికి చేరాయంటే మోజు ఎంతదూరం పోయిందో ఊహించవచ్చు.

అమెరికన్ కళాకారిణి ఏమీ సీగెల్ 2013లో ఈ వ్యవహారంపై ‘ప్రావెనెన్స్’ అనే చిత్రం తీసింది. ‘ప్రావెనెన్స్’ అంటే ఒక వస్తువు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో తెలిపే పుట్టుపూర్వోత్తరాల చరిత్ర. ఆమె ఈ చరిత్రను వెనుకనుంచి ముందుకు చెప్పింది. చిత్రం మొదట న్యూయార్క్, లండన్ వంటి నగరాల్లోని సంపన్నుల గదులలో, మెత్తని వెలుగులో కుర్చీలను చూపుతుంది. తరువాత వేలంశాల, ఆపైన బాగుచేసే కార్ఖానా, ఓడ, చివరకు చండీగఢ్. అక్కడ అవే కుర్చీలు కొన్ని కార్యాలయాల్లో పనిచేస్తూ, కొన్ని గుట్టలుగా పడి కనిపిస్తాయి. వ్యాఖ్యానం ఒక్క మాటైనా లేదు. విశేషమేమిటంటే, పూర్తయిన ఆ చిత్రపు ప్రతిని కూడా ఆమె లండన్‌లో వేలానికి పెట్టింది.

నగరవాసులు మేలుకొనేసరికి చాలా కుర్చీలు దేశం దాటాయి. విదేశీ వేలంపాటల వార్తలు వెలువడిన ప్రతిసారీ ఆపించాలని విజ్ఞప్తులు వెళ్ళాయి. కాని చట్టం చేయి ముందుకు సాగలేదు. కారణాలు రెండు. అమ్మినది ప్రభుత్వమే, అదీ బహిరంగ వేలంలో, రశీదు ఇచ్చి. ఇక రెండవది వయస్సు. 1955లో చేసిన కుర్చీకి నూరేళ్ళు నిండేది 2055లో. అంతవరకు 1972 చట్టం దృష్టిలో అది పురావస్తువు కాదు. ఆ చట్టంలో మరొక దారి లేకపోలేదు. నూరేళ్ళు నిండని కళాకృతినైనా, దానిని సృష్టించినవారు జీవించి లేనప్పుడు, కేంద్రప్రభుత్వం ‘కళానిధి’గా ప్రకటించవచ్చు. రాజా రవివర్మ, అమృతా షేర్‌గిల్ వంటివారి చిత్రాలకు ఆ రక్షణ లభించింది. కాని వేలంపాటలు జోరుగా సాగిన రోజుల్లో కార్యాలయపు కుర్చీకి ఆ వరుసలో చోటు దక్కలేదు. చిత్రపటం కళ, కుర్చీ సామాను అనే విభజన చట్టంలో కంటె మనస్సుల్లో బలంగా నాటుకొని ఉంది.

కేంద్రపాలిత ప్రాంతమైన చండీగఢ్ వ్యవహారాలు చూసే కేంద్ర హోంశాఖ 2011లో ఇటువంటి వస్తువుల అమ్మకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చింది. మిగిలి ఉన్నవాటిని లెక్కించగా వివిధ కార్యాలయాల్లో, సంస్థల్లో 12,793 వారసత్వ వస్తువులు నమోదయ్యాయి. 2016లో కార్బూజియే నిర్మాణాలలో భాగంగా చండీగఢ్ కాపిటల్ ప్రాంగణానికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. మరుసటి ఏడాది అయిదవ సెక్టారులో జన్నరే నివసించిన ఇల్లు మ్యూజియంగా తెరుచుకొంది. అయినా, ఉత్తర్వు వచ్చిన తరువాత కూడా కుర్చీలు దొంగతనాలకు గురైన ఉదంతాలు ఉన్నాయి. ధర పెరిగిన వస్తువుకు కాపలా కూడా పెరగాలన్న సంగతి కాగితంమీద సులభం, వేల గదులున్న కార్యాలయాల్లో కష్టం.

ఈ వ్యాపారులను దొంగలుగా చూడాలా, రక్షకులుగా చూడాలా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. తాము కొనకపోతే ఆ కుర్చీలు పొయ్యిలోకి పోయేవని వారు అంటారు. అందులో నిజం ఉంది. ఒక పేదదేశం తన ప్రజలకోసం చేయించుకొన్న చౌకకుర్చీ ధనికుల అలంకారంగా మారడం దాని ఉద్దేశానికే విరుద్ధమని మరొక పక్షం అంటుంది. అందులోనూ నిజం ఉంది. అయితే రెండు పక్షాలూ అంతగా పట్టించుకోని అన్యాయం ఇంకొకటి ఉంది. వేలం జాబితాల్లో జన్నరే పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చౌధురి వంటి భారతీయుల పేర్లు చాలాకాలం కనిపించలేదు. కొయ్యను కోసి, చెక్కి, పేము అల్లిన పనివారి పేర్లయితే ఏ దస్త్రంలోనూ దొరకవు. ఏటవాలు కాళ్ళ కొలత జన్నరేది కావచ్చు. ఆ కొలతను అరవై ఏళ్ళు వదులుకాకుండా నిలిపిన అతుకు మాత్రం వడ్రంగిది.

ధర పెరిగిన చోట నకిలీలు పుట్టడం సహజం. కొత్త కొయ్యకు పాతరంగు పట్టించి, తెల్ల అక్షరాలు వ్రాసి అమ్మేవారు బయలుదేరారు. కాబట్టి సేకరించేవాడు కంటికంటె ముందు వ్రేళ్ళను నమ్ముకోవాలి. పాతవస్తువు అరుగుదల ఒక క్రమంలో ఉంటుంది. అరచేయి ఆనే చేతిపట్టీ కొన నునుపు తేలుతుంది, నేలకు రాసుకొనే కాలి అడుగు అరుగుతుంది, ఎవరూ ముట్టని ఆసనపు అడుగుభాగం గరుకుగానే మిగులుతుంది. అన్నిచోట్లా ఒకేలా అరిగిన కుర్చీని శంకించవలసిందే. మరింత పాతవస్తువులకు ఇంకా కొన్ని పరీక్షలున్నాయి. చేతిరంపం కోసిన పలకమీద గీతలు నిటారుగా పడతాయి, గుండ్రని యంత్రరంపం గీతలు విల్లులా వంగుతాయి. చేతితో కోసిన సొరుగు మూలల అతుకులు ఒకదానితో ఒకటి కచ్చితంగా సమానంగా ఉండవు. కొయ్య కాలక్రమంలో నార పొడవునా కాక అడ్డంగా కుదించుకుపోతుంది. అందుచేత నూరేళ్ళనాటి గుండ్రని బల్లను రెండువైపులా కొలిస్తే వెడల్పులో స్వల్పమైన తేడా కనిపిస్తుంది. కొలత సరిగ్గా కుదిరితే అమ్మేవాడు చెప్పిన వయస్సు కుదరదన్నమాట.

నకిలీలను, పేరు చెప్పి చేసే పునర్నిర్మాణాలను ఒకే గాట కట్టకూడదు. బెంగళూరులోని ఫాంటమ్ హ్యాండ్స్ సంస్థ భారతీయ పనివారిచేత ఈ నమూనాలను మళ్ళీ చేయిస్తోంది. ఇటలీకి చెందిన కసీనా సంస్థ 2019లో జన్నరేకు నివాళిగా ఇటువంటి కుర్చీల శ్రేణిని విడుదల చేసింది. ఇవి కొత్తవని చెప్పే అమ్ముతారు.

అసలు కుర్చీలు కొన్ని నేటికీ చండీగఢ్‌లోనే ఉన్నాయి. హైకోర్టులో, విశ్వవిద్యాలయంలో, కార్యాలయాల్లో వాటిమీద మనుషులు కూర్చొని పనిచేసుకొంటున్నారు. జాబితాకెక్కిన కుర్చీ తెగితే దానిని పారవేయరాదు, బాగుచేయాలి. మన దేశంలో అంధుల పాఠశాలల్లో పేము అల్లికను ఒక వృత్తిగా నేర్పే ఆచారం చాలాకాలం సాగింది. కుర్చీలకు పేము అల్లే ఉద్యోగం కార్యాలయాల్లో వారికి జీవనాధారంగా ఉండేది. ప్లాస్టిక్కు కుర్చీ వచ్చాక ఆ పని క్రమంగా తగ్గిపోయింది. ఆరు వరుసల పేమును అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా నడిపి, ఎనిమిది మూలల కన్నులు వచ్చేలా బిగువుగా అల్లడానికి ఓర్పు, అభ్యాసం, బాగా తడిసిన పేము కావాలి. 2011నాటి ఉత్తర్వు కుర్చీని నిలిపింది. ఆ కుర్చీకి మళ్ళీ పేము అల్లగల చేతులను వెతుక్కోవలసింది ఇకనే.